అవ్వ మిట్ట మీద గుంతలు

ఇది ఇప్పుడే రాయాలి. మా అవ్వ పోయి నెల దాటింది. ఆమె జ్ఞాపకంగా మా ఊరి మిట్ట మీద వనం పెంచుతామని గుంతలు తవ్వేశారు. జూన్ ఇరవై ఐదున మొక్కలు నాటుతారట, బస్టాపు దగ్గర ఫ్లెక్సీ కూడా కట్టారు. నాటితే ఏమవుతుందో మా ఊళ్ళో అందరికంటే బాగా తెలిసిన మనిషి అవ్వే. ఆమె లేదు కాబట్టి నేను రాస్తున్నాను.

నాయన ఫోన్ చేసినప్పుడు నేను తిరుపతిలో, పాఠాలు చెప్పే బడిలో, వేసవి క్లాసు మధ్యలో ఉన్నాను. “అవ్వ పోయినాది పాపా,” అన్నాడు. తర్వాత, పొద్దున గొర్రెల్ని తోలుకుని పోయిందని, ఎండెక్కినా రాలేదని, తను పోయి చూస్తే మిట్ట దగ్గర సున్నం పూసిన రాయికి వీపు ఆనించి కూర్చుని ఉందని చెప్పాడు. నిద్రపోతోందనుకుని ఒకసారి పిలిచాడట. గొర్రెలు మాత్రం ఆ రాయి దాటి పోలేదట. ఆ మాట నాయన రెండుసార్లు చెప్పాడు.

మా ఊరు పలమనేరు వైపు ఉంది. పేరు రాయను. ఎందుకు రాయనో చదువుతూ పోతే మీకే తెలుస్తుంది. ఊరివాళ్ళకు పేరు అక్కర్లేదు, ఈ వారపత్రిక మా టీ అంగట్లో వేలాడుతుంది.

అవ్వంటే నాయనను కన్న తల్లి. బడి గడప తొక్కలేదు. మా ఇంట్లో బడికి పోయిన మొదటి మనిషిని నేనే. ఆమె సన్నగా, ఎత్తుగా ఉండేది. నడిస్తే ఒక్క ఆకు కూడా చప్పుడు చేసేది కాదు. వేయించిన శనక్కాయలు కొంగున కట్టుకుని పొద్దంతా ఒక్కొక్కటే వలుచుకుని తినేది, తొక్కలు మళ్ళీ కొంగులోనే వేసుకుని ఇంటికి తెచ్చేది. మిట్ట మీద ఒక్క తొక్క పడకూడదు. ఇంకో అలవాటుండేది. దేన్నీ చెయ్యెత్తి చూపించేది కాదు, గడ్డం తిప్పేది. ఇంటికొచ్చిన చుట్టానికి నీళ్ళ చెంబు ఎక్కడుందో చెప్పాలన్నా గడ్డమే. చిన్నప్పుడు అది పొగరనుకునేదాన్ని. చెయ్యెత్తితే మిట్ట మీదికి వచ్చే ఒక పిట్ట అర మైలు అవతలినుంచి చూసి తల దించేస్తుందని, యాభై ఏళ్ళు గొర్రెలు మేపి మేపి ఆమె చెయ్యి పైకి లేవడం మరిచిపోయిందని తర్వాత తెలిసింది.

ఆ పిట్టను మేం బట్టమేక అంటాం. చూడనివాళ్ళకు చెప్పాలంటే, నెమలికి పింఛం తీసేసి, మెడ పొడుగు చేసి, మేకపిల్లంత బరువు పెట్టినట్టుంటుంది. నెత్తిన నల్లటి కుచ్చు, తెల్లటి మెడ, ఎండిన గడ్డి రంగు వీపు. చెట్టెక్కదు. గూడు కట్టదు. ఏడాదికి ఒకే ఒక్క గుడ్డు, అదీ ఉత్త నేల మీద. ఎగరగలదు గానీ, నడవడమే దానికి ఇష్టం. మిడతల్ని ఏరుకుంటూ, రేగుపళ్ళు తింటూ, మన పెళ్ళిళ్ళలో పెద్దమనుషుల్లా మెల్లగా నడుస్తుంది.

ప్రతి ఏడూ మృగశిర కార్తె వానలు పడి, మిట్ట మీద గడ్డి, మా మాటల్లో కసువు, పచ్చబడ్డ కొన్నాళ్ళకు అది వచ్చేది. కార్తీకం దాటి చలి ముదిరితే పోయేది. అవ్వ చిన్నతనంలో ఐదారు వచ్చేవట. నాకు తెలివి వచ్చేసరికి ఒక మగది, ఒక ఆడది. మగది మిట్ట కొన మీద ఒకే చోట నిలబడి, గొంతు కింద తెల్లటి సంచి వేలాడేసి, తోక పైకెత్తి, బావిలోంచి పలికినట్టు అరిచేది. ఏ ఏడు వచ్చినా అదే చోటు. పక్కన నాలుగడుగులు జరిగినా ఏం పోయింది, అంతా బీడే కదా అని నేనడిగితే, “మీ నాయన రోజూ అదే తావులో పండుకుంటాడు గదా, పక్కకు జరగమని సెప్పి సూడు,” అంది.

ఒక ఏడు కొత్తగా వేసిన కరెంటు తీగకు తగిలి ఆ మగది రాలిపోయింది. ఆ తర్వాత ఆడది ఒక్కటే వస్తోంది. అదే పిట్టని ఎలా చెబుతావని నాయన అవ్వను ఎగతాళి చేసేవాడు. ఆమె వానకు తడిసిన మట్టి దగ్గరికి పిలిచి గడ్డం తిప్పింది. బట్టమేకకు కాలికి మూడు వేళ్ళే ఉంటాయి. ఆ అడుగులో ఎడమ కాలికి రెండున్నర ఉన్నాయి. బయటి వేలు సగానికి తెగిపోయింది. వచ్చిన ప్రతి ఏడూ అవ్వ మొదట వెతికేది పిట్టను కాదు, ఆ రెండున్నర వేళ్ళ అడుగును.

ఇక మిట్ట కట్టడం గురించి చెప్పాలి. ఇది మా ఊళ్ళో గొర్రెలవాళ్ళ పద్ధతి. తొలి వాన పడగానే మిట్ట చుట్టూ ఏడు రాళ్ళకు సున్నం పూసి పెట్టేవాళ్ళు. అంటే మిట్ట కట్టేశామని అర్థం. కార్తీకం దాకా ఏ మందా ఆ రాళ్ళు దాటకూడదు. దాటించినవాళ్ళకు ఆ ఏడు మిట్ట మీద కసువు కోసుకునే వంతు ఉండదు. కార్తీకం తర్వాత రాళ్ళు తీసేసి అందరూ వంతుల ప్రకారం కోసుకునేవాళ్ళు. ఎండాకాలమంతా గొర్రెలకూ ఆవులకూ అదే మేత. పిట్ట కోసం కట్టారో, మేత కోసం కట్టారో అవ్వకూ తెలియదు. రెండూ బతికినాయి, చాలదా అనేది. మందలు తగ్గిపోయి, పాల ఆవులు పాకల్లోకి చేరి, దాణా బస్తాలు వచ్చాక ఆ పద్ధతి అందరూ వదిలేశారు. అవ్వ ఒక్కతే వదల్లేదు. కొబ్బరిపీచు కుచ్చుతో, పగిలిన కుండపెంకులో కలిపిన సున్నంతో, ప్రతి ఏడూ ఏడు రాళ్ళు. ఈ ఏడు ఎండాకాలంలో పడ్డ తొలి వానకే పెట్టేసింది.

ఇక్కడ నా సంగతి దాచకుండా రాస్తాను. దాస్తే మిగతాదానికి విలువ ఉండదు.

నేను తొమ్మిదో తరగతిలో ఉండగా మా బడివాళ్ళు బీడుభూమిని పచ్చగా చేద్దామన్నారు. మిట్ట మీద నలభై కానుగ మొక్కలు నాటాం. జట్టుకు నేనే నాయకురాలిని. మూడో రోజు పొద్దున పోయి చూస్తే ఒక్క మొక్క లేదు. అవ్వ ఒక్కొక్కదాన్నీ మట్టితో సహా పెకిలించి, గంపలో పెట్టుకుని పోయి, బస్టాపు నుంచి బడి దాకా రోడ్డు పక్కన నాటేసింది. అసెంబ్లీలో సార్ నన్ను నిలబెట్టి అడిగాడు. పిల్లలందరూ నవ్వారు. ఇంటికొచ్చి పుస్తకాల సంచి విసిరేసి, చదువు రానిదానివి నీకేం తెలుసని అవ్వను అడిగాను. ఇంకా చాలా అన్నాను. అవి రాయలేను.

ఆమె కోప్పడలేదు. గొర్రె కాలికి గుచ్చుకున్న ముల్లు తీస్తూ, తలెత్తకుండానే చెప్పింది. “సెట్టుకు ఒక తావుండాది, కసువుకు ఒక తావుండాది పాపా. మిట్ట మీద సెట్టు పెడితే గద్దకు కుర్చీ ఏసినట్టు. పిట్టకు సుట్టూ కనబడితేనే నిలబడతాది, లేదంటే నిలబడదు.” తర్వాత కొంచెం ఆగి, “నువ్వు సదువుకో. సదువుకోనొచ్చి ఈడ నిలబడి సూడు. అప్పటికీ నాకేం తెలీదనిపిస్తే ఆ మాట సెప్పు, ఇంటాను,” అంది.

తిరుపతిలో డిగ్రీ రెండో ఏడు, జంతుశాస్త్రం పుస్తకంలో ఆ పిట్ట బొమ్మ కనిపించింది. దానికి చెట్లు లేని గడ్డిభూమి కావాలని, ఋతువును బట్టి తిరుగుతుందని, గుడ్డు పెట్టే చోటుకు ఏటేటా తిరిగి వస్తుందని, చెట్లు నాటి గడ్డిభూముల్ని చెడగొట్టడం కూడా అది అంతరించిపోవడానికి ఒక కారణమని రాసుంది. లైబ్రరీలో కూర్చుని ఆ పేజీ ఎన్నిసార్లు చదివానో. సెలవులకు ఊరికి పోయి అవ్వకు చదివి వినిపించాను, క్షమించమని అడగడానికి నాకు వచ్చిన దారి అదొక్కటే. ఆమె మొత్తం విని, ఇక్కడినుంచి పోయాక యాడుంటుందో రాసుందా అని అడిగింది. దాని గురించి పెద్దగా తెలియదని రాసుంది అన్నాను.

“నాకూ తెలీదు,” అంది తృప్తిగా. “యాడికి పోతాదో తెలీదు. యాడికి వస్తాదో తెలుసు. ఆ వచ్చే తావు మనం సూసుకుంటే సాలు.”

ఇప్పుడు మామ సంగతి. వరసకు మామ, నాయనకు బావ అవుతాడు. ఇవాళ వనం కమిటీకి పెద్ద ఆయనే. నేను ఎనిమిదిలో ఉన్నప్పుడు, మగది ఇంకా బతికున్న రోజుల్లో, ఆయన మిట్ట మీదికి పోయి ఆ ఏటి గుడ్డు ఎత్తుకొచ్చాడు. ఆ ఏటికి అదొక్కటే. నలుగురు స్నేహితులతో బోరుబావి దగ్గర ఉల్లిపాయలు తరిగి, అట్టు వేసుకుని తిన్నాడు. అది నేరమని మాకెవరికీ అప్పుడు తెలియదు, కానీ పాపమని తెలియదా? సాయంత్రం మా ఇంటికొచ్చి అరుగు మీద కూర్చుని మజ్జిగ తాగి, మూతి తుడుచుకుని, “అత్తా, నీ పిట్ట గుడ్డు ఏమంత రుచి లేదు పో,” అని నవ్వాడు.

ఆయన వెళ్ళాక అవ్వ ఆ మజ్జిగ లోటాను బూడిదతో తోమింది. ఒకసారి కాదు, మూడుసార్లు. తోమి, అరుగు చివర బోర్లించి పెట్టింది. మళ్ళీ దాన్ని ఎవరికీ ఎత్తలేదు. ఆయన ఎప్పుడొచ్చినా కూర్చోమనేది, బాగోగులు అడిగేది, కానీ మంచినీళ్ళు కూడా ఇచ్చేది కాదు. ఆడపిట్ట నాలుగు రోజులు గుడ్డు పోయిన ఆ ఖాళీ చోటు చుట్టూ తిరిగింది. మెడ వంచి చూడడం, నాలుగడుగులు పోవడం, మళ్ళీ రావడం. అవ్వ నన్ను తీసుకుపోయి దూరంనుంచి చూపించింది. నాకు మళ్ళీ ఎప్పుడూ ఆమ్లెట్ గొంతు దిగలేదు.

అవ్వ దినాల రోజు మైకు పట్టుకున్నది ఆ మామే. ఏడ్చాడు. అత్త ప్రకృతి ప్రేమికురాలన్నాడు, పక్షుల తల్లి అన్నాడు, ఆమె పేరు మీద మిట్టను పచ్చటి వనం చేస్తామన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. దినాల పందిట్లో చప్పట్లు. ఆ ఏడుపు దొంగ ఏడుపైతే నాకు ఇంత రోత పుట్టేది కాదు. అది నిజం ఏడుపే. గుడ్డు తిన్న నోటితో నిజంగానే ఏడుస్తున్నాడు, ఆ గుడ్డు సంగతి ఆయనకు గుర్తు కూడా లేదు.

వారం తిరక్కుండానే గుంతలు తవ్వే యంత్రం వచ్చింది. నేను మళ్ళీ ఊరికి చేరేసరికి మిట్ట మీద కొన దాకా వరసలు వరసలుగా గుంతలు. మగది నిలబడి అరిచిన చోట రెండు. కసువు వేళ్ళతో సహా తిరగబడి, ఎండకు వాసన వేస్తోంది. తవ్వినవాళ్ళు తిన్న బిర్యానీ పొట్లాలు, నమిలి ఉమ్మిన కోడి బొక్కలు, నీళ్ళ ప్యాకెట్లు గుంతల్లోనే ఉన్నాయి. ఒక్క శనక్కాయ తొక్క కూడా పడనివ్వని మనిషి పేరు మీద. అవ్వ ఏడు రాళ్ళూ కనబడలేదు. వెతికితే బస్టాపు దగ్గర దొరికాయి, ఫ్లెక్సీ గాలికి పడకుండా దాని కాళ్ళ మీద పెట్టారు. ఆమె ఆనుకుని కూర్చుని ప్రాణం విడిచిన రాయి ఏదో నాయన గుర్తుపట్టాడు. దాని మీద ఎవరో తమలపాకు ఉమ్మేశారు.

ఆ ఫ్లెక్సీ గురించి కూడా చెప్పాలి. ఫోటోలో అవ్వ ముఖానికి పౌడరు పూసినట్టు తెల్లగా చేశారు. చీర రంగు మార్చారు. అన్నిటికంటే, ఆమె చెయ్యెత్తి పచ్చటి చెట్లను చూపిస్తున్నట్టు అతికించారు. ఆ చెయ్యి ఆమెది కాదు. గాజులున్న, బొద్దుగా ఉన్న ఎవరిదో చెయ్యి. పక్కకు పోయి రోడ్డు పక్క చెట్టు పట్టుకుని నిలబడ్డాను. కాసేపటికి గానీ గుర్తు రాలేదు, అది కానుగ చెట్టు. నేను నాటినది, అవ్వ పెకిలించి ఇక్కడ పెట్టినది. ఫ్లెక్సీ తాడు కూడా దానికే కట్టారు. ఎండకు బస్సు కోసం నిలబడినవాళ్ళంతా ఆ కానుగల నీడలోనే ఉన్నారు.

మామ ఇంటికి పోయాను. కోపంతో మాట్లాడకూడదనుకుని మెల్లగానే చెప్పాను. పిట్ట సంగతి, పుస్తకంలో ఉన్న సంగతి, అవ్వ చెప్పిన గద్ద కుర్చీ సంగతి. ఆయన విన్నాడు. విని, నా తల నిమిరి అన్నాడు: “సదువుకున్నదానివి, బీడు బీడుగానే ఉండాలంటావేంది పాపా? పిట్టదేముండాది, రెక్కలుండాయి. ఇంకో తావు సూసుకుంటాది.” పైగా నన్ను ఒక పని అడిగాడు. నాటే రోజు పంచడానికి చిన్న పుస్తకం వేస్తున్నారట, అందులోకి అవ్వ గురించి రెండు పేజీలు రాసివ్వాలట, ఊళ్ళో నా అంత బాగా ఎవరు రాస్తారని.

నాకు రోత పుట్టింది ఆయన్ను చూసి మాత్రమే కాదు. ఆయన మాట్లాడుతుంటే తొమ్మిదో తరగతిలో సంచి విసిరేసిన నా గొంతే నాకు వినిపించింది. బీడు, పచ్చదనం, నీకేం తెలుసు. ఆ మాటలు మా ఊరికి తెచ్చింది నాలాంటి చదువుకున్నవాళ్ళే. అవ్వ చేతికి మట్టి అంటించుకుని మా తప్పు సర్దింది, ఒక్కరి మీదా ఫిర్యాదు చెయ్యలేదు.

కాబట్టి మామా, మీరు అడిగిన రెండు పేజీలు ఇవే. పుస్తకంలో వేస్తారో లేదో మీ ఇష్టం. ఊరివాళ్ళకు నేను అడిగేది ఇంతే: గుంతలు పూడ్చండి. మొక్కలు పారేయమని అనను. బడి నుంచి కాలువ దాకా రోడ్డుకు నీడ లేదు, శ్మశానం దారికి లేదు, పాల కేంద్రం ముందు ఆవులు ఎండలో నిలబడుతున్నాయి. అక్కడ నాటండి, నీళ్ళు పోయడానికి ప్రతి ఆదివారం నేనొస్తాను. పూడ్చిన చోట కసువు రెండు వానలకు మళ్ళీ లేస్తుంది, దానికి మన సాయం అక్కర్లేదు. రాళ్ళు నేనూ నాయనా కడిగి తీసుకుపోయి పెడతాం. సున్నం కలపడం నాకు వచ్చు, ఆమె చేస్తుంటే చూశాను. బయటివాళ్ళు తుపాకులూ కెమెరాలూ పట్టుకుని రాకూడదని ఊరి పేరు ఆమె ఎవరికీ చెప్పేది కాదు, నేనూ రాయలేదు. మీరూ చెప్పకండి.

ఇదంతా రాసి, పంపే ముందు ఒకసారి చూసి వద్దామని నిన్న మళ్ళీ ఊరికి పోయాను. మొన్న రాత్రి వాన పడిందట. పొద్దున్నే నాయనతో మిట్ట ఎక్కాను. గుంతల్లో ఎర్రటి నీళ్ళు, వాటి మీద తేలుతున్న ప్యాకెట్లు. నాయన ముందు నడుస్తూ ఉన్నట్టుండి ఆగిపోయాడు. వాళ్ళమ్మలాగే గడ్డం తిప్పాడు. గుంత అంచున మెత్తటి మట్టిలో అడుగులు. కుడి కాలికి మూడు వేళ్ళు. ఎడమ కాలికి రెండున్నర. ఈ ఏడు కొంచెం ముందుగానే వచ్చింది. అడుగులు ఒక గుంత చుట్టూ తిరిగి, రెండో గుంత దగ్గరికి పోయి, దాని చుట్టూ తిరిగి, మళ్ళీ మొదటిదాని దగ్గరికి వచ్చాయి. గుడ్డు పోయిన ఏడు తిరిగినట్టే.

పూడుస్తారా, పూడ్చరా, ఒక్క మాట చాలు. ఈ పత్రికకు రాసినా సరే, మా నాయనకు చెప్పినా సరే, జూన్ ఇరవై లోపల జవాబు చెప్పండి. అంతవరకూ అది ఆ గుంతల మధ్యే దారి చూసుకుంటూ నడుస్తుంటుంది.